అట్టముక్కలతో ఆన్‌లైన్ పునశ్చరణ

ఈ సంచికలో నేను రాయబోయే విషయం ఏమనగా, మన పిలకాయల దగ్గర ఫోన్లు లేవు, టాబులు లేవు, అయినా మన తొమ్మిదో తరగతిలో ఆన్‌లైన్‌లో రివిజన్ ఎట్లా జరుగుతా ఉంది అని. చిన్న తరగతుల పిలకాయలు కిటికీ కాడ నిలబడి "అక్కా, మీరు అట్టముక్కలు పైకెత్తి ఏం ఆట ఆడతా ఉండారు?" అని అడుగుతా ఉంటారు. వాళ్ళకి కూడా ఇందులోనే జవాబు ఉంది. వ్యాసం కొంచెం పొడుగు. అన్నం బెల్లు కొట్టేలోపల అవ్వకపోతే మిగతాది సాయంత్రం చదవండి, చార్టు వారం రోజులు గోడ మీదే ఉంటాది.

మొదట పునశ్చరణ అంటే ఏందో చెప్పాల. చదివిందే మళ్ళీ చదవడం అని మనలో చానామంది అనుకుంటారు. మన స్టడీ అవర్‌లో చూడండి. అందరం వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఒకే పేజీని గట్టిగా పదిసార్లు చదువుతాం. పదోసారికి నోరు తనంతట తాను పోతా ఉంటాది. వచ్చేసింది అనిపిస్తాది. పుస్తకం మూసి ఎవరన్నా అడిగితే మొదటి లైను తర్వాత ఏమీ రాదు. ఆ పేజీ కంటికి అలవాటు అయింది గానీ మనసులోకి పోలేదు.

దీని మీద అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊర్లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ఒక పరిశోధన ప్రకటించారు. సైన్స్ మేడం గారు బోర్డు మీద అంకెలు వేసి చెప్తే నేను నోట్సులో రాసుకున్నాను. కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు ఆ పాఠాన్ని మళ్ళీ చదివారు. ఇంకొందరు మళ్ళీ చదవకుండా, పుస్తకం మూసి, గుర్తున్నంత కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే గెలిచారు, వాళ్ళకి నూటికి 81, రాసినవాళ్ళకి 75. కానీ వారం తర్వాత పరీక్ష పెట్టినప్పుడు తిరగబడింది. మళ్ళీ చదివినవాళ్ళకి 42 మాత్రమే గుర్తుంది, మూసి రాసినవాళ్ళకి 56. అంటే గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడితేనే అది నిలుస్తాది. పబ్లిక్ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత రాదు కదా, నెలల తర్వాత వస్తాది.

ఇంకా పాతది ఒకటుంది. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలను బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతామో తన మీద తానే పరీక్ష చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. మొదటి గంటలోనే సగానికి పైన జారిపోయింది. ఆ తర్వాత మెల్లిగా పోతా వచ్చింది. సంక్రాంతి సెలవలకు ఇంటికి పోయి వచ్చినాక మనకి ఏమవుతాదో ఆయన 140 ఏండ్ల ముందరే రాసిపెట్టినాడన్న మాట!

మా తాత ఒక్క పుస్తకం కూడా చదవలేదు. కానీ ఈ సంగతి ఆయనకు తెలుసు. సెలవల్లో నన్ను కాలవ కట్ట మీద తీసుకుపోతాడు. ఒక మొక్క కాడ నిలబడి "ఇదేంది?" అంటాడు. నేలవేము అంటాను. "దేనికి?" అంటాడు. జొరానికి అంటాను. అంతే, ముందుకు నడుస్తాడు. మళ్ళీ వారం ఇంకో చోట, ఇంకో మొక్కల మధ్యలో అదే కనపడితే మళ్ళీ అడుగుతాడు. ఎప్పుడూ తనుగా రెండోసారి చెప్పడు, అడుగుతానే ఉంటాడు. మా యానాదుల్లో పెద్దవాళ్ళకి ఇన్ని ఆకులు, వేర్లు, తీగలు గుర్తుండేది ఇట్లనే. ఇంగ్లీషులో పేరు పెట్టలేదు కాబట్టి మనం దాన్ని చదువు అనుకోలేదు.

ఇక ఆన్‌లైన్ సంగతికి వస్తాను.

మన పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన నల్ల చుక్కల చదరం ఒకటి ఉంటాది, చూసే ఉంటారు. దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. చానామంది దానికి పెన్నుతో కళ్ళు, మీసాలు గీసి పెట్టినారు, అది వేరే సంగతి. ఆ చదరాన్ని ఫోన్‌లో దీక్ష అనే యాప్‌తో చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాస ప్రశ్నలు వస్తాయి. దీక్షను 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు ఢిల్లీలో ప్రారంభించారు. ఆయన మన నెల్లూరు జిల్లా చవటపాళెంలో పుట్టినాయన. (2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మన చిట్టమూరు తిరుపతి జిల్లాలో కలిసింది. అయినా మా ఇళ్ళల్లో ఎవరన్నా అడిగితే నెల్లూరోళ్ళం అనే చెప్తాం.) దీక్ష మొదట టీచర్ల కోసం పెట్టింది. తర్వాత పిలకాయలకి కూడా పెట్టినారు.

ఇది మన దేశంలోనే కాదు. ఇంగ్లండులో బీబీసీ వాళ్ళు బైట్‌సైజ్ అనే పేరుతో 1998లోనే పరీక్షల రివిజన్ మొదలుపెట్టినారు. బైట్‌సైజ్ అంటే ఒక్క నోటికి పట్టే ముద్దంత అని అర్థమంట. పేరు బాగుంది.

2020లో కరోనా వచ్చి బళ్ళు మూసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో విద్యామృతం అని పాఠాలు వచ్చేవి. మా గిరిజన కాలనీలో టీవీ ఆడే ఇల్లు ఒకటే. అందరం అక్కడ చేరేవాళ్ళం. టీవీలో సారు బాగానే చెప్పేవారు. కానీ టీవీ మనల్ని అడగదు. మనం అడిగినా పలకదు. అర్థం కాని పిల్ల అర్థం కానట్టే ఇంటికి పోయేది.

ఆ తర్వాత టాబులు వచ్చినాయి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు పంచడం మొదలుపెట్టినారు. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ళ టీచర్లకు కలిపి 5,18,740 టాబులు. లోపల బైజూస్ కంపెనీ పాఠాలు ముందే ఎక్కించి ఉండేవి, నెట్టు లేకపోయినా ఆడేవి. మళ్ళీ 2023 డిసెంబరు 21న అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో, అంటే మన్యం గిరిజనుల మధ్యలో, రెండో విడత మొదలుపెట్టినారు. నేను ఎనిమిదికి వచ్చింది 2024-25లో. మా తరగతికి టాబులు రాలేదు. అక్కలు వాళ్ళ టాబుల గురించి చెప్తా ఉంటే వినడమే. ఆ బైజూస్ కంపెనీ కూడా 2024 జులైలో దివాలా కేసులో పడింది అని పేపర్లో వచ్చింది.

కనుక మా తరగతికి ఉన్నది ఏందంటే గోడకి ఒక పెద్ద ప్యానెల్, టీచర్ల చేతిలో ఒక ఫోను, హెడ్మాస్టరు గారి గది నుంచి గాలివాటంగా వచ్చే నెట్టు. దీంతోనే మన టీచర్లు ఎవరి పద్ధతిలో వాళ్ళు నడుపుతా ఉంటారు.

సోషల్ సారు గారు దీక్ష వీడియో పెడతారు. మధ్యాహ్నం పీరియడ్ కాబట్టి, సాంబారు అన్నం తిని ఉంటాం కాబట్టి, మూడు నిమిషాలకి వెనక బెంచీల్లో తలకాయలు వాలిపోతాయి. అందుకే సారు వీడియోని మొత్తం ఆడనివ్వరు. మధ్యలో టక్కున ఆపి "తర్వాత ఏం జరిగి ఉంటాదో రాయండి" అంటారు. అందరం రెండు లైన్లు రాసినాకే మిగతాది చూపిస్తారు. మనం రాసింది నిజమా కాదా చూడాలని ఆత్రంగా ఉంటాది కాబట్టి నిద్ర పోతాది. బో మంచి ఉపాయం. వీడియో గొప్పది కాదు, ఆపడమే గొప్పది అని నా అభిప్రాయం.

కానీ ప్యానెల్ మీద ప్రశ్నలు పెట్టినప్పుడు ఒక ఇబ్బంది ఉండేది. ముందు బెంచీలో ముగ్గురు నలుగురు ఉంటారు, ప్రశ్న చదవడం అయ్యేలోపలే "బి సార్! బి సార్!" అని అరుస్తారు. మిగతా అందరం "అవును, బి" అంటాం. ప్యానెల్ మీద పచ్చ రంగు టిక్కు వస్తాది. సారు "అర్థమయిందా?" అంటారు. "అయింది సార్" అని నలభై గొంతులు ఒకేసారి. అందులో ఎన్ని గొంతులకి నిజంగా అయిందో దేవుడికే తెలియాల. మన ఆడపిల్లల్లో చానామంది నోరు తెరవరు. తప్పు చెప్తే నవ్వుతారని భయం. ఇంకొకటి కూడా ఉంది. మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్ళు లేరు. మా నాయన రొయ్యల గుంట కాడ కావలి ఉంటాడు, అమ్మ కూలికి పోతాది. బడిలో అడగకపోతే ఇంటికి పోయి అడగడానికి ఎవరూ ఉండరు. మనలో సగం మందికి ఇదే కథ కదా. అందుచేత బడిలో మూసుకున్న నోరు అంటే మూసుకున్న దారే.

ఇక్కడే అట్టముక్కలు వచ్చినాయి. తెచ్చింది సైన్స్ మేడం గారు.

దాని పేరు ప్లికర్స్. అమెరికాలో కాలిఫోర్నియాలో ఒక లెక్కల టీచరు కనిపెట్టినాడంట. అక్కడ పెద్ద కాలేజీల్లో ఒక్కో విద్యార్థికి ఒక్కో చిన్న రిమోటు ఇచ్చి జవాబు నొక్కమంటారు, దాన్ని క్లిక్కర్ అంటారు. అంత డబ్బు లేని బడికి కాగితంతో క్లిక్కర్ చేసినాడు. పేపరు, క్లిక్కర్ రెండు మాటలు కలిపితే ప్లికర్ అయింది.

పని చేసే విధానం ఎట్లంటే, ఒక్కొక్కరికి ఒక అట్టముక్క ఇస్తారు. దాని మీద నల్ల చదరాలతో ఒక బొమ్మ ఉంటాది, పుస్తకంలో కోడ్ మాదిరే గానీ పెద్దది. ఏ ఇద్దరి బొమ్మా ఒకటిగా ఉండదు. మూలన నెంబరు ఉంటాది. నాది 17. మేడం ఫోన్‌లో 17 అంటే నా పేరు అని ముందే రాసి ఉంటాది. బొమ్మకి నాలుగు పక్కల ఏ, బి, సి, డి అని బాగా చిన్న అక్షరాలు ఉంటాయి. ప్యానెల్ మీద ప్రశ్న, నాలుగు జవాబులు వస్తాయి. నీ జవాబు సి అనుకుంటే సి అక్షరం పైకి వచ్చేలాగా అట్టను తిప్పి పట్టుకోవాల. మేడం ఫోన్ కెమెరాను తరగతి మీద మెల్లిగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పుతారు. ఫోను ఒక్కో అట్టనీ చూసి, అది ఎవరిదో, ఏ పక్క పైకి ఉందో లెక్క వేసుకుంటాది. అర నిమిషంలో నలభై మందీ జవాబు చెప్పేసినట్టే. ఒక్కరూ నోరు తెరవలేదు.

అక్షరాలు చిన్నగా ఎందుకు పెట్టినారో మొదట మాకు తెలియలేదు. పక్కనున్న పిల్ల చూడకుండా! ఇద్దరివీ బొమ్మలు వేరే కాబట్టి, పక్కపిల్ల ఎట్లా తిప్పిందో చూసి మనమూ అట్లనే తిప్పినా లాభం లేదు. నా అట్ట ఈ తీరుగా ఉంటే సి, ఆమెది అదే తీరుగా ఉంటే ఏ కావచ్చు. కాపీ కొట్టడానికి కుదరని పరీక్ష నేను చూసింది ఇదొక్కటే.

కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. బొమ్మ మీద వేళ్ళు పడకూడదు, అంచులు పట్టుకోవాల. ముందు పిల్ల తల అడ్డం వస్తే ఫోనుకి కనపడదు, అందుకని వెనక బెంచీ వాళ్ళు చెయ్యి బాగా ఎత్తాల. మెరిసే లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు పడి తళతళమని ఫోనుకి కళ్ళు కనపడవు. అందుకే మేడం ప్రింటు తీసిన కాగితాలను మామూలు అట్టలకి అంటించినారు. నలభై కార్డుల కట్ట ప్రింటు తీసుకోవచ్చు, మన తరగతికి సరిపోయింది. ఎలుకలు రెండు అట్టలు కొరికినాయి, మళ్ళీ ప్రింటు తీసినారు.

ఇప్పుడు అసలు సంగతి. అట్టలు ఎత్తడం కాదు అసలు పని. ఎత్తిన తర్వాత టీచరు ఏం చేస్తారు అనేదే.

లెక్కల సారు గారు ఒక రోజు 1/2 + 1/4 ఎంత అని పెట్టినారు. తొమ్మిదో తరగతికి ఇదేం లెక్క అని ముందు బెంచీ నవ్వింది. ఏ) 2/6, బి) 3/4, సి) 1/6, డి) 2/4. అట్టలు ఎత్తినాం. ప్యానెల్ మీద పేర్లు లేకుండా కడ్డీలు మాత్రమే వచ్చినాయి. బి కడ్డీ పొడుగ్గానే ఉంది గానీ ఏ కడ్డీ కూడా దాని భుజం దాకా ఉంది! నవ్వినవాళ్ళు నవ్వు ఆపినారు. సారు కోప్పడలేదు. జవాబు ఇదీ అని కూడా చెప్పలేదు. "ఏ ఎత్తినవాళ్ళు ఎట్లా ఆలోచించి ఉంటారో చెప్పండి" అన్నారు. ఒకమ్మాయి, తనే ఎత్తిందో లేదో మాకు తెలియదు, "పైవి పైవి కూడి, కిందివి కిందివి కూడి ఉంటారు సార్" అనింది. సారు "సరే, సగం దోసె ఉన్న పిల్లకి ఇంకో పావు దోసె వేసినాం. 2/6 అంటే మూడో వంతు. సగం కంటే తక్కువ. దోసె వేస్తే తగ్గిపోయిందా?" అన్నారు. తరగతంతా ఒక్కసారిగా ఓ... అన్నాం. ఆ రోజు నుంచి మా బెంచీలో ఎవరూ కింది అంకెలు కూడలేదు.

ఇందులో నేను గమనించింది ఏందంటే, సారు తప్పు జవాబులను ఊరికే పెట్టలేదు. ఒక్కో తప్పు వెనక ఒక్కో ఆలోచన ఉంది. ఏ అంటే పైవీ కిందివీ కూడినవాళ్ళు. సి అంటే కిందివి మాత్రమే కూడి పైన ఒకటి ఉంచేసినవాళ్ళు. డి అంటే కింద నాలుగు చేసి, పైన మార్చడం మరిచినవాళ్ళు. ఏ కడ్డీ లేచిందో చూస్తే ఏ తలకాయలో ఏ ముడి పడిందో సారుకి కనపడతాది. మామూలు పరీక్షలో అయితే మూడు తప్పులకీ ఒకటే ఎర్ర ఇంటూ గుర్తు.

సైన్స్ మేడం గారిది ఇంకో పద్ధతి. మన డైనింగ్ హాలు కాడ మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి అని పెట్టినారు. ఏ) మట్టికి పుట్టుకతో చల్లని గుణం ఉంది, బి) కుండ సన్న రంధ్రాల్లోంచి నీళ్ళు బయటికి వచ్చి ఆవిరి అయ్యేటప్పుడు వేడి తీసుకుపోతాయి, సి) కుండ నీడలో ఉంది కాబట్టి, డి) బయటి గాలి లోపలికి పోతాది కాబట్టి. సగం మందికి పైన ఏ ఎత్తినారు. మేడం కడ్డీలు చూపించలేదు. "ఇప్పుడు పక్కపిల్లతో రెండు నిమిషాలు వాదించండి, మళ్ళీ ఎత్తుదాం" అన్నారు. గది చేపల సంత అయిపోయింది. నా పక్కపిల్ల "మట్టికే చల్లదనం ఉంటే ఎండలో బాట మీద కాలెందుకు కాలతాది మేయ్?" అనింది. దానికి జవాబు లేదు! రెండోసారి ఎత్తినప్పుడు బి పెరిగిపోయింది, మేడం ఇంకా ఒక్క మాట కూడా చెప్పకముందే.

ఈ పద్ధతిని అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ అనే ఆయన 1991లో మొదలుపెట్టినారని మేడం తర్వాత చెప్పారు. ఆయన విద్యార్థులు పెద్ద పెద్ద లెక్కలు చేసేవాళ్ళంట, కానీ సులువైన ఎందుకు అనే ప్రశ్నకి తడబడేవాళ్ళంట. ఆయన చెప్పినప్పుడు అర్థం కానిది, పక్కవాడు చెప్తే రెండు నిమిషాల్లో అర్థమయ్యేదంట. కారణం నాకు సబబుగా తోచింది. మేడానికి ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోయింది, తెలియనప్పుడు ఎట్లా ఉంటాదో మరిచిపోయి ఉంటారు. పక్కపిల్లకి ఇప్పుడే తెలిసింది, ఏ మెట్టు కాడ కాలు జారతాదో దానికి ఇంకా గుర్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఒక కష్టమైన విషయం రాస్తాను. పెద్దలు కోప్పడకుండా చదవగలరని ప్రార్థన.

ఫోన్‌లో ఎవరెవరు ఏం ఎత్తినారో పేర్లతో సహా ఒక పట్టిక వస్తాది. తప్పులు ఎర్రగా, ఒప్పులు పచ్చగా. అది టీచరు చూసుకోవడానికి. ఎర్రవి ఎక్కువున్న పిలకాయలను మేడం సాయంత్రం మెల్లిగా పిలిచి, ఒకరికి తెలియకుండా ఒకరికి చెప్పేవారు. ఆ పట్టిక ఒకసారి ప్రింటు అయి గోడకెక్కింది. ఎవరు అంటించినారో నేను రాయను, మంచి మనసుతోనే, పోటీ పెరిగితే బాగా చదువుతారనే అంటించి ఉంటారు. అన్నానికి వరుసలో నిలబడినవాళ్ళందరూ చదివినారు. చిన్నపిల్లలు కూడా చదివి "అక్కా నీకు అన్నీ ఎర్రవే" అన్నారు.

మరుసటి వారం నుంచి అట్టల్లో తేడా వచ్చింది. కొంతమంది తమ అట్ట కంటే ముందు తెలివైన పిల్లని "ఏది?" అని సైగ చేసి అడగసాగినారు. నోటితో అడిగితే అట్ట బొమ్మ వేరైనా ఏం లాభం? ఇంకొంతమంది వేలుని కావాలనే బొమ్మ మీద పెట్టేవారు, ఫోనుకి కనపడకపోతే ఎర్ర కూడా పడదు, ఖాళీ పడతాది. పట్టిక చూస్తే అందరూ బాగుపడినట్టే ఉంది. కానీ యూనిట్ టెస్టు కాగితాలు వచ్చినప్పుడు పాత కథే. ఆ పట్టికలో అందరికంటే ఎర్రవి ఎక్కువున్న పిల్ల సెలవకు ఇంటికి పోయి పది రోజులు రాలేదు. వాళ్ళమ్మ "గుంటల కాడ పనుంది, చదువు అబ్బడం లేదంట కదా" అని చెప్పిందంట. సైన్స్ మేడం గారు, ట్యూటర్ గారు కలిసి వాళ్ళ కాలనీకి పోయి మాట్లాడి తీసుకువచ్చినారు. ఇప్పుడు ఆమె మనతోనే ఉంది, ఎవరో చెప్పను, మీరూ అడగవద్దు. మేడం పట్టికను తీసేసినారు. మళ్ళీ అట్టలు నిజం చెప్పడానికి చానా రోజులు పట్టింది.

అందుకని నా విన్నపం ఏమనగా, పేర్లున్న పట్టిక టీచరు ఫోన్‌లోనే ఉండనివ్వండి. గోడకి ఏదైనా పెట్టాలంటే ఏ ప్రశ్న చానామందికి రాలేదో ఆ ప్రశ్న పెట్టండి. పేరు చూస్తే నవ్వుతారు, ప్రశ్న చూస్తే వరుసలో నిలబడి ఆలోచిస్తారు. వచ్చే ఏడు మాకు పబ్లిక్ పరీక్ష. తప్పు ఇప్పుడు బయటపడితే సారుకి తెలుస్తాది, దిద్దుతారు. ఇప్పుడు దాక్కుంటే మార్చిలో పరీక్ష హాల్లో బయటపడతాది, అక్కడ దిద్దేవాళ్ళు ఉండరు.

రెండో విన్నపం వార్డెన్ మేడం గారికి. వారంలో రెండు రోజులు సాయంత్రం స్టడీ అవర్‌లో అరగంట ప్యానెల్ గది తాళం తీయించగలరు. ట్యూటర్ గారు ఉంటారు, మేము చెప్పులు బయట విడిచే వస్తాం. పోయిన వారం ప్రశ్నల్లో ఐదే ఐదు మళ్ళీ పెట్టుకుంటాం. ఎబ్బింగ్‌హాస్ లెక్క ప్రకారం ఒకసారి అడిగి వదిలేస్తే చాలదు, మరిచిపోబోయే ముందర మళ్ళీ అడగాల.

నెట్టు లేని రోజు ఏం చేయాల అని అడుగుతారు. మన కోస్తాలో నవంబరు, డిసెంబరులో వాన పట్టుకుందంటే కరెంటూ పోతాది, నెట్టూ పోతాది. దానికి లెక్కల సారు ఒక ఉపాయం చెప్పినారు. అందరూ కళ్ళు మూసుకోవాల. ప్రశ్న చదువుతారు. ఏ అయితే ఒక వేలు, బి అయితే రెండు, సి అయితే మూడు, డి అయితే నాలుగు, రొమ్ము కాడ పట్టుకుని చూపించాల. చెయ్యి పైకెత్తకూడదు, పక్కవాళ్ళకి గాలి తగిలి తెలిసిపోతాది. సారు ఒక్కరే కళ్ళు తెరిచి చూస్తారు. ఫోను లేదు, అట్ట లేదు, ఖర్చు లేదు. ఎవరు ఏం చూపించినారో సారు గుర్తుపెట్టుకోవాల అంతే, అది సారుకి రివిజన్!

హాస్టల్లో మనం మనమే కూడా చేసుకోవచ్చు. మా గదిలో ఆరుగురం చేస్తా ఉండాం. ఒక్కొక్కరు రోజుకి ఒక ప్రశ్న రాయాల. ఒప్పు జవాబు రాయడం సులువు. మూడు మంచి తప్పు జవాబులు రాయడమే కష్టం. "భూమి చుట్టూ తిరిగేది ఏది? చంద్రుడు, ఇడ్లీ, బకెట్టు, మా అన్న" అని రాస్తే నవ్వు వస్తాది గానీ ఎవరికీ ఏమీ తెలియదు. నిజంగా ఎవరన్నా పొరపాటు పడేలాంటి తప్పు రాయాలంటే ఆ పాఠం బాగా తెలిసి ఉండాల. తప్పులు రాస్తా రాస్తా మాకే పాఠం వచ్చేసింది.

ఈ గోడపత్రిక కింద ఒక బిస్కెట్ల అట్టపెట్టె కట్టి ఉంది చూడండి. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఎవరైనా అందులో ప్రశ్నలు వేయవచ్చు. చీటీ మీద తరగతి, పాఠం పేరు, ప్రశ్న, నాలుగు జవాబులు రాయాల. ఒప్పు జవాబు చీటీ వెనక పక్క రాయాల. మీ పేరు రాయనవసరం లేదు. శుక్రవారం సాయంత్రం పెట్టె తీస్తాం. మంచివి ఐదు ఏరి సైన్స్ మేడం గారికి ఇస్తాం, సోమవారం మొదటి పీరియడ్‌లో అట్టలు ఎత్తుదాం. పెన్సిల్‌తో రాస్తే సరిగా కనపడదు, పెన్నుతో రాయగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని, అట్ట నెంబరు 17